పేరు రాయని డబ్బా

ఆ రోజు పొద్దున ఆ తల్లి వేసుకున్న పథకం చాలా చిన్నది. దిండు గలీబులు ఉతికి ఆరేయాలి. కిర్రుమంటున్న బీరువా తలుపుకి నూనె చుక్క వేయాలి. కూతురు ఇంటికి వచ్చేదాకా ఆసుపత్రి గురించి ఒక్క చెడ్డ ఆలోచన కూడా చేయకూడదు. మొదటి రెండు పనులూ చేయగలనని ఆమెకు నమ్మకం ఉంది.

కూతురు ఆసుపత్రి ల్యాబ్‌లో డాక్టరు. నాడి పట్టుకుని చూసే డాక్టరు కాదు. ఆపరేషన్‌లో తీసిన ముక్కల్ని కోసి, గాజు పలకల మీద పరిచి, మైక్రోస్కోపులో చూసి, అది ఏ జబ్బో తేల్చే డాక్టరు. ఈ సంగతి చుట్టాలకు అర్థమయ్యేలా చెప్పడానికి తల్లికి చాలా కాలం పట్టింది. "మీ అమ్మాయి సూది వేస్తుందా?" అని అడిగేవారు. "వేయదు. ఏ సూది వేయాలో మా అమ్మాయి చెబితేనే సూది వేసేవాళ్ళకి తెలుస్తుంది" అనేది తల్లి. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మెడ దానంతటదే నిటారుగా అయ్యేది.

అయితే ఆ రోజు మామూలు రోజు కాదు. ల్యాబ్ పెద్దాయన సెలవు మీద వెళ్ళారు. మొదటిసారి ల్యాబ్ మొత్తం కూతురి చేతిలో ఉంది. పైగా ఆమె ఉద్యోగం ఇంకా టెంపరరీయే. పర్మినెంటు చేసే ఆర్డరు మీద పెద్ద డాక్టరుగారు ఆ సాయంత్రమే సంతకం పెట్టాలి. పెద్ద డాక్టరుగారు అంటే ఆసుపత్రికి అధిపతి, పేరున్న సర్జను, కోపం వస్తే గ్లవ్స్ విప్పకుండానే అరిచే మనిషి.

గలీబులు నానబెట్టడానికి బాత్రూంలోకి వెళ్ళిన తల్లికి అద్దం కింద కూతురి కళ్ళజోడు కనిపించింది. ఇంకేం, ఆమె గుండె జారి గలీబుల బకెట్లో పడింది. కళ్ళజోడు లేకుండా మైక్రోస్కోపులో ఏం చూస్తుంది? ఒకటి చూసి ఇంకొకటి అనుకుంటుంది. ఎవరికో లేని జబ్బు ఉందంటుంది. ఆయన భార్యాపిల్లలు వచ్చి ల్యాబ్ అద్దాలు పగలగొడతారు. పేపర్లో ఫోటో పడుతుంది, అదీ కళ్ళజోడు లేని ఫోటో. తల్లి తడిచేతులు చీరకొంగుకు తుడుచుకుని, కళ్ళజోడును జేబురుమాలులో చుట్టి, తలుపుకి తాళం వేసి, అది పడిందో లేదో వెనక్కి వచ్చి చూసి, బస్సెక్కింది.

ఆసుపత్రి ల్యాబ్ నేలమాళిగలో ఉంది. తల్లి ఆయాసపడుతూ మెట్లు దిగేసరికి కూతురు వేరే కళ్ళజోడు పెట్టుకుని హాయిగా పని చేసుకుంటోంది.

"అమ్మా, నాకు డ్రాయర్లో ఇంకోటి ఉంటుందని నీకు తెలుసు కదా."

"అది పాతది. పవరు పాతది. నీ కళ్ళు కొత్తవి."

"కళ్ళు కొత్తవి కాదమ్మా. సరే, అక్కడ పెట్టి ఇంటికెళ్ళు. ఇక్కడ మందునీళ్ళ వాసన, నీకు పడదు."

ఆ సమయానికే పైన ఆపరేషన్ థియేటరు నుంచి ట్రేలో రెండు ప్లాస్టిక్ డబ్బాలు వచ్చాయి. ఆ పొద్దున పెద్ద డాక్టరుగారు చేసిన రెండు ఆపరేషన్లవి. రెండింటిలోనూ గాల్ బ్లాడరే, అంటే కాలేయం కింద వేలాడే పైత్యపు సంచి. కూతురు ఒక డబ్బా తీసి దాని మీద రాసి ఉన్న ఒకావిడ పేరు చదివింది. రెండో డబ్బా తీసి, తిప్పి, మూత చూసి, అడుగు చూసి, నుదురు ముడిచింది. ఆ ముడత తల్లికి బాగా తెలుసు. చిన్నప్పుడు లెక్క తప్పయినప్పుడు అలాగే ముడిచేది. ఏం కొంప మునిగిందో అడగబోతుంటే, "అమ్మా, ఇంటికి" అని కూతురు తలుపు చూపించింది.

తల్లి "సరే" అని బయటికి వచ్చింది. ఆయాసం తీరేదాకా కూర్చుంటే తప్పేముందని మొదటి అంతస్తుకి వెళ్ళి, మంచినీళ్ళ కుళాయి పక్కనున్న బెంచీ మీద కూర్చుంది. ఆయాసం తీర్చుకోవడానికి అన్ని మెట్లు ఎక్కాలా అని అడిగేవాళ్ళెవరూ ఆ చుట్టుపక్కల లేరు.

ఆ బెంచీకి ఎదురుగా సిస్టర్ బల్ల ఉంది. బల్ల మీద తెల్ల ఫోను ఉంది. ఆ ఆసుపత్రిలో పైన కోసేవాళ్ళూ, కింద చూసేవాళ్ళూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసి ఎరగరు. పెద్ద డాక్టరుగారు నేలమాళిగ మెట్లు ఎన్నడూ దిగలేదు. ల్యాబ్ వాళ్ళు థియేటరు గడప ఎన్నడూ తొక్కలేదు. వాళ్ళ మధ్య మాటలన్నీ ఆ ఫోనులోంచి సిస్టర్ చెవిలోకి వెళ్ళి, సిస్టర్ నోట్లోంచి బయటికి రావాల్సిందే.

ఫోను మోగింది. సరిగ్గా అప్పుడే వరండాలో నేల తుడిచే మిషను బుర్రుమంటూ బయలుదేరింది. సిస్టర్ ఒక చెవిలో వేలు పెట్టుకుని రెండో చెవికి ఫోను ఆనించింది.

కింద నుంచి కూతురు అన్నది ఇది: "సిస్టర్, రెండో డబ్బా మీద పేరు రాయలేదు. రాయలేదని సార్‌కి చెప్పండి."

మిషను రొదలో పైన సిస్టర్‌కు వినపడింది ఇది: "రెండో డబ్బా... రాయి లేదు. రాయి లేదని సార్‌కి చెప్పండి."

తెలుగులో ఈ రెండు మాటలూ కవల పిల్లల్లాంటివి. ఎదురుగా నిలబెట్టి చూస్తే తేడా తెలుస్తుంది గానీ, ఫోనులో కన్నతల్లి కూడా పోల్చుకోలేదు.

"రాయి లేదా?" అంది సిస్టర్.

"అవునండీ, రాయలేదు."

సిస్టర్ ఫోను పెట్టేసి, పెద్ద డాక్టరుగారి గది తలుపు సగం తీసింది. "సార్, కింద ల్యాబ్ నుంచి ఫోను. మాస్టారి గాల్ బ్లాడర్లో రాయి లేదట."

మాస్టారంటే ఆ పొద్దున మొదటి ఆపరేషన్ చేయించుకున్న రిటైర్డ్ హెడ్మాస్టరు. ఆ పొద్దుటి ఇద్దరిలో రాయి కోసం ఆపరేషన్ చేసింది ఆయనకే. స్కానింగులో ఆయన పైత్యపు సంచిలో పెద్ద రాయి కనిపించింది. ఆ రాయి లేకపోవడమంటే, సగం ఊరు చెయ్యెత్తి మొక్కే సర్జను ఏమీ లేని మనిషి పొట్ట కోశాడని అర్థం.

"రాయి లేకపోవడమేమిటి?" అన్నారు పెద్ద డాక్టరుగారు, కాఫీ కప్పు గాల్లోనే ఆపి. "స్కానులో ఇంత రాయి నా కళ్ళతో నేను చూశాను. మళ్ళీ చూడమను."

సిస్టర్ ఫోను చేసింది. "మేడం, సార్ మళ్ళీ చూడమంటున్నారు."

"మళ్ళీ చూశాను సిస్టర్. చుట్టూ చూశాను. మూత మీద కూడా రాయలేదు. అడుగున కూడా రాయలేదు."

మూత మీద రాయి ఎందుకుంటుందో సిస్టర్‌కు అర్థం కాలేదు. అయినా పెద్ద చదువులు చదివినవాళ్ళు ఎక్కడెక్కడ వెతుకుతారో మనకేం తెలుస్తుందని ఊరుకుంది. అవతల కూతురు ఇంకో మాట అంది. "ఇది సార్ చేతుల మీదుగా జరగాలి సిస్టర్. సార్‌నే రాయమనండి. అంతవరకు నేను రెండూ ముట్టుకోను."

సిస్టర్ తలుపు ఈసారి పావు వంతే తీసింది. "సార్, మళ్ళీ చూశారట. అడుగున కూడా రాయి లేదట. మీరే రాయాలట."

"నేను రాయాలా? ఏం రాయాలి?"

"అది చెప్పలేదు సార్. మీరు రాసేదాకా ముట్టుకోనన్నారు."

పెద్ద డాక్టరుగారు కప్పు బల్ల మీద పెట్టారు. కప్పు నిలబడింది గానీ కాఫీ నిలబడలేదు. "అంటే, రాయి లేకుండా ఎందుకు కోశావని నన్ను సంజాయిషీ రాసిమ్మంటుందా? నిన్న గాక మొన్న వచ్చిన పిల్ల? రాయి ల్యాబ్‌లోనే ఎక్కడో పారబోసి ఉంటారు. చూడు సిస్టర్, ఇవాళ సాయంత్రం ఆ అమ్మాయి పర్మినెంటు ఆర్డరు మీద నేను సంతకం పెట్టాలి. రాయి దొరికితే పెడతాను. దొరక్కపోతే ఆ కాగితం చింపేస్తాను."

తెరిచిన పావు తలుపులోంచి ఈ మాటలన్నీ వచ్చి బెంచీ మీద కూర్చున్న తల్లి ఒళ్ళో పడ్డాయి.

అనుకున్నంతా అయింది. పాత కళ్ళజోడు. పాత పవరు. తను బస్సులో ఉండగానే పిల్ల రాయిని సింకులో పారబోసి ఉంటుంది. ఉద్యోగం పోతుంది. ఈ ఆసుపత్రిలో పోయిన ఉద్యోగం ఇంకో ఆసుపత్రిలో దొరకదు. రాయి పారబోసిన డాక్టరని ఊరంతా చెప్పుకుంటుంది. రేపు చుట్టాలు "మీ అమ్మాయి ఇప్పుడైనా సూది వేస్తుందా?" అంటారు.

ఈలోగా ఎదురు గదిలో మాస్టారు మత్తు నుంచి తేరుకున్నారు. తేరుకున్నవాళ్ళు మంచినీళ్ళు అడుగుతారు. ఆయన రాయి అడిగారు.

"నా రాయి ఏదీ? తీయగానే నా చేతికి ఇవ్వాలని ముందే చెప్పాను."

ఆయన బావమరిది మంచం పక్కన కుర్చీలో కాళ్ళు చాపుకుని ఉన్నాడు. "బావగారూ, రాయీ లేదు, రప్పా లేదు. గ్యాస్ అని నేను మొదటి రోజే చెప్పాను. మీరు విన్నారా? వినరు. జీవితమంతా చెప్పడమే గాని వినడం మీకు అలవాటు లేదు."

"నువ్వు నోరు మూసుకో. ఆ రాయి రానీ. నీ అరచేతిలో పెడతాను. దాన్ని పట్టుకుని 'ఇది గ్యాస్' అని అను, చూస్తాను."

"రానీండి. ఎక్కడికి పోతాను."

గంట మోగించి సిస్టర్‌ను పిలిచారు. సిస్టర్ వెళ్ళి "వస్తోందండీ, కింద నుంచి వస్తోంది" అని ఇవతలకి వచ్చి, నెత్తి మీద చెయ్యి పెట్టుకుని స్టూలు మీద కూలబడింది. "ఇప్పుడు రాయి నేనెక్కడి నుంచి తేవాలి" అని తనలో తను అనుకుంది గానీ, పైకే వినపడింది.

తల్లి లేచింది. ఏం చేయబోతోందో ఆమెకే సరిగ్గా తెలియదు. కాళ్ళు మాత్రం గబగబా మెట్లు దిగి, ఆసుపత్రి వాకిట్లో వరుసగా పెట్టిన పూలకుండీల దగ్గర ఆగాయి. కుండీల్లో మొక్కల చుట్టూ నున్నటి రాళ్ళు పరిచి ఉన్నాయి. ఒకటి తీసింది, మరీ తెల్లగా ఉంది. ఇంకొకటి తీసింది, ఇంత రాయి పొట్టలో ఉంటే మనిషి నడవగలడా అనిపించింది. చివరికి ఆకుపచ్చా గోధుమరంగూ కలిసిన రాయి ఒకటి దొరికింది. చూస్తే ఒంట్లోంచి వచ్చిందనే అనిపించేలా ఉంది. కుళాయి దగ్గర సబ్బు పెట్టి రెండుసార్లు కడిగింది. శుభ్రం విషయంలో ఆమెను ఎవరూ వేలెత్తి చూపలేరు.

పైకి వచ్చి, జేబురుమాలులో చుట్టిన రాయిని సిస్టర్ చేతిలో పెట్టింది. అబద్ధం ఆడడం ఆమెకు చేతకాదు. అందుకని నిజమే చెప్పింది. "ఇది కింద దొరికిందమ్మా."

"కింద దొరికిందా?" సిస్టర్ మొహం దీపంలా వెలిగింది. "మీరు ల్యాబ్ మేడం వాళ్ళ అమ్మగారు కదూ? ట్రే కిందికి తీసుకెళ్ళిన ఆయా చెప్పింది. అమ్మయ్య, పంపించారా. బతికించారమ్మగారూ."

మాస్టారు ఆ రాయిని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసుకున్నారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "చూశావా? ఇన్నాళ్ళూ దీన్ని మోసుకుంటూ తిరిగాను. గ్యాస్ అన్నావు. ఇది గ్యాసా?"

బావమరిది దాన్ని తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. వాసన చూశాడు. "బావగారూ, మీ పొట్టలోంచి వచ్చినదానికి సబ్బు వాసన ఎందుకొస్తోంది?"

"ఆసుపత్రి శుభ్రంగా ఉంటుంది కాబట్టి."

"నేను నమ్మను."

"నమ్మవా? సిస్టర్, ఇలా రా అమ్మా. దీన్ని ల్యాబ్‌కి పంపు. ఇది రాయి అని రాసిమ్మని చెప్పు. మొహం మీద కొట్టినట్టు రాసిమ్మను."

సిస్టర్ రాయిని చిన్న డబ్బాలో వేసి, ఈసారి ఎందుకైనా మంచిదని మాస్టారి పేరు, వయసు, గది నంబరు పెద్ద పెద్ద అక్షరాలతో రాసి కిందికి పంపింది. బెంచీ మీద తల్లికి పరిస్థితి అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక ఆమె దేవుణ్ణి తలుచుకుంది. తన రాయి తన కూతురి దగ్గరికే వెళుతోంది. పోనీలే, పాత కళ్ళజోడే పెట్టుకుని ఉంటే బాగుండు, కంటికి ఆనకపోయినా బాగుండు అనుకుంది. కొత్త కళ్ళజోడు తెచ్చిచ్చినందుకు తనను తాను తిట్టుకుంది.

కింద కూతురు ఆ డబ్బా చూసి ముందు సంతోషించింది. పేరు రాసి ఉన్న డబ్బా వస్తే ఆమెకు అంత సంతోషం. తరువాత మూత తీసింది. కొత్త కళ్ళజోడు పెట్టుకుని రాయిని దీపం కింద తిప్పింది. కత్తితో గీసింది. గీత రాయి మీద పడలేదు, కత్తి అంచు మీద పడింది. ఫోను తీసింది.

"సిస్టర్, మాస్టారి పేరుతో మీరు పంపింది ఒంట్లో పుట్టిన రాయి కాదు. కుండీల్లో వేసే రాయి. దీని పగుల్లో నాచు కూడా ఉంది. నేను ఇలాగే రిపోర్టు రాస్తున్నాను."

నేల తుడిచే మిషను అప్పటికి ఆగిపోయింది. అందువల్ల ఈ మాటలు సిస్టర్‌కు అక్షరం పొల్లుపోకుండా వినపడ్డాయి. వినపడకుండా ఉంటే బాగుండునని ఆమెకు అనిపించింది. ఆమె వెనకే నిలబడ్డ బావమరిదికి కూడా వినపడ్డాయి. అతను పెద్ద డాక్టరుగారి తలుపు పూర్తిగా తెరిచాడు.

"డాక్టరుగారూ, మా బావ పొట్టలో పూలకుండీ ఏమైనా ఉందా?"

సంగతి మొత్తం విన్న పెద్ద డాక్టరుగారు కుర్చీలోంచి లేచిన తీరుకి కుర్చీ గోడ దాకా వెళ్ళింది. "రాయి పారేసేదీ వాళ్ళే. కుండీలో రాయి తెచ్చి ఇచ్చేదీ వాళ్ళే. ఇది కుండీలో రాయి అని రిపోర్టు ఇచ్చేదీ వాళ్ళేనా? ఎక్కడ ఆ ల్యాబ్?"

"కిందండీ" అంది సిస్టర్.

"కింద అంటే ఎటు?"

ఇన్నేళ్ళ ఆసుపత్రిలో ఆయన ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి. సిస్టర్ ముందు నడిచింది, ఆయన వెనక నడిచారు, ఆయన వెనక బావమరిది, అందరికన్నా వెనక గోడ పట్టుకుని, మనసులో ఒక్కో మెట్టుకి ఒక్కో అరిష్టం ఊహించుకుంటూ తల్లి. అమ్మాయి ఏడుస్తుంది. ఆయన కాగితం చింపుతాడు. ముక్కలు నేల మీద పడతాయి. వాటిని ఏరి అతికిస్తే చెల్లుతుందో లేదో.

ల్యాబ్ తలుపు తెరుచుకునేసరికి కూతురు లేచి నిలబడింది. ఏడవలేదు.

"రాయి లేదా?" అన్నారు పెద్ద డాక్టరుగారు.

"నేను పొద్దున్నుంచీ మిమ్మల్ని అడుగుతున్నదే అది సార్. ఎందుకు రాయలేదు?"

"ఎందుకు లేదని నన్ను అడుగుతావా? ఉన్నదాన్ని పోగొట్టింది నువ్వు."

"నేను పోగొట్టడమేమిటి సార్? ఉంటే కదా పోగొట్టడానికి. అసలు రాయందే వచ్చింది."

"రాయి అందే వచ్చిందా? ఎవరికి అందింది?"

ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ఆ చూపులో మొదటిసారి ఇద్దరికీ ఒకేసారి ఏదో తేడాగా ఉందని తోచింది. కూతురు బల్ల మీద నుంచి ఆ రెండో డబ్బా తీసి, ఆయన మొహం ముందు పట్టుకుంది.

"పేరు సార్. డబ్బా మీద పేషెంటు పేరు. రాయ, లేదు."

సిస్టర్ చెవి దానంతటదే ఎర్రబడింది, పొద్దున ఫోను ఆనించిన చెవే.

"అయితే, లోపల రాయి లేదని కాదా?" అన్నారు పెద్ద డాక్టరుగారు, గొంతు రెండు మెట్లు దించి.

"మూత తీయందే లోపల ఏముందో నాకెలా తెలుస్తుంది సార్? పేరు లేని డబ్బా నేను తెరవను."

"మీరే రాయాలి అన్నది?"

"పేరే సార్. మీ చేతులతో తీశారు కాబట్టి మీరే చూసి రాయాలి."

ఆయన నుదురు తుడుచుకున్నారు. మనిషి తేలికపడ్డారు. తేలికపడ్డ పెద్దవాళ్ళకి కోపం ఇంకో దారిలో వస్తుంది. "ఇంత చిన్నదానికి ఇంత రభసా? చేసినవి రెండు ఆపరేషన్లు. ఒక డబ్బా మీద ఆవిడ పేరుంది. ఇంకోటి మాస్టారిది కాక ఎవరిదవుతుంది? ఆ మాత్రం అనుకోలేవా?"

అవునని అనెయ్యవే, తప్పయిందని అనెయ్యవే అని తల్లి గోడ పక్క నుంచి కళ్ళతోనే చెప్పింది. కూతురు అటు చూడలేదు.

"అనుకోగలను సార్. అనుకుని రిపోర్టు ఇవ్వకూడదు. ఒకరి జబ్బు ఇంకొకరికి రాస్తే దిద్దడానికి రబ్బరు ఉండదు."

చిన్నప్పుడు పద్యం అప్పజెప్పమంటే తన వెనక దాక్కున్న పిల్ల ఇదేనా అని తల్లి చూస్తూ ఉండిపోయింది.

పెద్ద డాక్టరుగారు జేబులోంచి పెన్ను తీశారు. పేరు లేని డబ్బాను చేతిలోకి తీసుకుని, రాయబోతూ, ప్లాస్టిక్ గోడ మీద పెన్ను ఆనించి ఆగిపోయారు. డబ్బాను దీపానికి ఎదురుగా పట్టుకున్నారు. బల్ల మీదున్న మొదటి డబ్బా కూడా తీసుకుని పక్కన పెట్టి చూశారు.

"సిస్టర్."

"సార్."

"మాస్టారి సంచి వాచిపోయి, గోడలు మందంగా, చుట్టూ అతుక్కుపోయి ఉంది. విడదీయడానికి నా ప్రాణం పోయింది. ఆ రెండో ఆవిడది పలచగా, నున్నగా వచ్చింది. అవునా?"

"అవును సార్."

"మరి ఈ మందంగా ఉన్న దాని మీద ఆవిడ పేరెందుకు ఉంది?"

సిస్టర్ రెండు డబ్బాల వైపూ చూసింది. మాస్టారి డబ్బా మీద అప్పటికే పేరు రాశాననుకుంది. రెండో ఆపరేషన్ అయ్యాక ఆవిడ పేరు రాయడానికి ఒక డబ్బా అందుకుంది. అందుకున్నది మొదటి డబ్బా. పొరపాటు తనదేనని తల ఊపింది.

అంటే పేరు లేని డబ్బా మాస్టారిది కాదు. పేరున్న డబ్బా ఆవిడది కాదు. "ఇంకెవరిదవుతుంది" అనుకుని పని కానిచ్చి ఉంటే రెండూ తారుమారయ్యేవి. ఆవిడకు రాయి కోసం ఆపరేషన్ చేయలేదు. లోపల చిన్న కణితి ఉందనీ, అది మంచిదో చెడ్డదో తేల్చాలనీ చేశారు. ఆ కణితి మాస్టారి లెక్కలో పడేది. ఆవిడకు మాత్రం "రాయి తీసేశాం, ఇక హాయిగా ఉండండి" అని చెప్పి ఇంటికి పంపేవారు.

పెద్ద డాక్టరుగారు రెండు డబ్బాల మీదా తన చేత్తో పేర్లు రాశారు. కూతురు వాటిని చూసి, "సార్, ఇది 'మ' నా 'య' నా?" అంది. ఆయన కొట్టేసి, మళ్ళీ ఒక్కో అక్షరం విడదీసి, బడిపిల్లాడిలా రాశారు. ఆ ఆసుపత్రిలో ఆయన అక్షరాన్ని ప్రశ్నించినవాళ్ళు అంతకు ముందు లేరు.

అప్పుడు కూతురు మాస్టారి డబ్బా మూత తీసింది. పెద్ద డాక్టరుగారి ఎదురుగానే కోసింది. లోపల బొటనవేలి గోరంత రాయి, పసుపుపచ్చగా, గరుకుగా ఉంది. రెండోది కూడా కోసింది. అందులో గోడకి అంటుకుని చిన్న మొటిమంత కణితి ఉంది. రాయి లేదు.

సిస్టర్ మెల్లగా దగ్గింది. "సార్, చిన్న మాట. రెండో డబ్బాలో రాయి లేదని నేను పొద్దున్నే చెప్పాను."

పెద్ద డాక్టరుగారు ఆమె వైపు చూశారు. నవ్వాలో అరవాలో ఆయనకే తేలలేదు. ఆ రెండూ మానేసి, "అదంతా సరే. మరి ఆ కుండీ రాయి ఎవరు పంపారు?" అన్నారు.

సిస్టర్ తల్లి వైపు చూసింది. బావమరిది సిస్టర్ చూసిన వైపు చూశాడు. తల్లి గోడ పక్క నుంచి ఇవతలకి వచ్చింది.

"నేనే బాబూ. పిల్ల రాయి పోగొట్టిందనుకున్నాను. బాగా కడిగే ఇచ్చాను."

"ఈవిడెవరు?"

"మా అమ్మ సార్" అంది కూతురు. ఇంటికి వెళ్ళాక ఏమంటుందో ఆ గొంతులోనే తెలిసిపోయింది.

"మీ అమ్మ తెచ్చిన రాయినే కుండీ రాయి అని రిపోర్టు ఇచ్చావా?"

"మా అమ్మ తెచ్చిందని తెలీదు సార్."

"తెలిస్తే ఏమని రాసేదానివి?"

కూతురు ఒక్క క్షణం తల్లి వైపు చూసింది. "కుండీ రాయి అనే సార్. నాచు కూడా ఉందని రాసేదాన్ని."

తల్లికి ఎందుకో గుండె నిండిపోయింది. ఇంతమందిలో తన పరువు తీసిన కూతుర్ని చూసి ఏ తల్లీ అంత పొంగిపోయి ఉండదు. ఆమె మెడ మళ్ళీ దానంతటదే నిటారుగా అయింది.

"సిస్టర్," అన్నారు పెద్ద డాక్టరుగారు, "నా బల్ల మీద ఒక ఆర్డరు ఉంది. ఇక్కడికి పట్టుకురా. ఇక్కడే సంతకం పెడతాను." తరువాత తలుపు దగ్గర ఆగి, కూతురితో అన్నారు. "ఇకమీద ఏదైనా ఉంటే నాతోనే మాట్లాడమ్మా. ఫోను వద్దు. దారి తెలిసింది కదా, నేనే వస్తాను."

ఆయన నిజంగానే వస్తున్నారు. వచ్చినప్పుడల్లా మైక్రోస్కోపులో తొంగి చూసి ఏదో ఒకటి అడుగుతారట. ఆవిడ కణితి తరువాత మంచిదేనని తేలింది. ఆ మాట ఆవిడకు చెప్పడానికి ఆయన, కూతురు ఇద్దరూ కలిసి ఆవిడ గదికి వెళ్ళారు. మాస్టారికి అసలు రాయి అందింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇంత చిన్నదా అని చిన్నబుచ్చుకున్నారు. మొదటిదే బాగుందనీ, వీలైతే రెండూ ఇవ్వమనీ అడిగారు. బావమరిది మాత్రం రాయికి కూడా మూలకారణం గ్యాసేనని ఒప్పించడానికి ఇప్పటికీ ప్రయత్నిస్తున్నాడు.

ఆ సాయంత్రం తల్లీకూతుళ్ళు బస్సులో ఇంటికి బయలుదేరారు. కిటికీ పక్కన కూర్చున్న కూతురు అలసిపోయి వెంటనే నిద్రపోయింది. ఆర్డరు కాగితం తల్లి సంచిలో, రెండు కవర్ల లోపల, కూతురి చున్నీ మడతలో భద్రంగా ఉంది. బస్సు బోల్తా పడితే కాగితం తడవకుండా ఏం చేయాలో కూడా ఆమె ఆలోచించి పెట్టుకుంది. అయినా ఆ రోజు ఆమెకు భయం కన్నా ఇంకేదో ఎక్కువగా ఉంది. అది ఎవరితోనైనా చెప్పుకోకపోతే లోపల ఆగేలా లేదు. ఇవతలి పక్కన ఒడిలో లంచ్ డబ్బా పెట్టుకుని కూర్చున్న ఒక గుమాస్తా ఆమె కంటబడ్డాడు.

"మా అమ్మాయి బాబూ," అంది తల్లి, నిద్రపోతున్న కూతుర్ని చూపించి. "ఎంతటివాళ్ళు వచ్చి చెప్పినా సరే, పేరు రాయనిదే ఎవరి డబ్బా మూతా తీయదు. రాసి ఉంటే మాత్రం ఒక్క ముక్క కూడా వదలదు, కోసి చూసేస్తుంది."

అతను ఆమె వైపు ఒకసారి, కూతురి వైపు ఒకసారి చూసి, తన లంచ్ డబ్బా మీదున్న పేరును అరచేత్తో కప్పుకున్నాడు.